ఇంటూ మీద నిలబడ్డ పిల్లలు

సోమవారం రెండో పీరియడులో ఆ బడి మొదటి అంతస్తు వరండాలో నడిచేవాళ్ళెవరైనా పాటల గది ముందు ఒక్క నిమిషం ఆగుతారు. ఆగకుండా ఉండలేరు. లోపల ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏరి తెచ్చిన నలభై మంది పిల్లలు చెక్క మెట్ల మీద మూడు వరసల్లో నిలబడి పాడుతుంటారు. ఒక్క గొంతు పక్కకు పోదు. ఒక్క మాట వెనకబడదు. విన్నవాళ్ళు "పిల్లలంటే ఇలా ఉండాలి" అనుకుంటూ వెళ్ళిపోతారు. గోడ పక్కన అద్దాల బీరువాలో బృందగానం పోటీల్లో గెలిచిన పదకొండు కప్పులు వరసగా ఉన్నాయి. పన్నెండో కప్పు కోసం పై అరలో చోటు ఖాళీ చేసి, దుమ్ము తుడిచి, సిద్ధంగా ఉంచారు.

ఇంత ముచ్చటైన గదిలో తప్పేముంటుందని మీరు అడగవచ్చు. అయ్యా, అడగండి. ఎవరూ అడగకపోబట్టే ఇరవై రెండేళ్ళు ఇట్టే గడిచిపోయాయి. పిల్లల మొహాలు చూసి మురిసిపోవడం ఒక్క క్షణం మాని, వాళ్ళ బూట్ల కింద చూడండి. చెక్క మీద సుద్దముక్కతో గీసిన గుర్తులు కనిపిస్తాయి. ఇరవై ఎనిమిది సున్నాలు, పన్నెండు ఇంటూలు. సున్నా మీద నిలబడ్డ పిల్లలు పాడతారు. ఇంటూ మీద నిలబడ్డ పిల్లలు పెదవులు కదుపుతారు. నలభై నోళ్ళు తెరుచుకుంటాయి, ఇరవై ఎనిమిది గొంతులు వినబడతాయి. చప్పట్లు మాత్రం నలభై మందికీ కొడతారు.

ఈ ఏర్పాటు పాటల టీచరుది. ఆవిడకు పిల్లలు పెట్టిన పేరు శ్రుతిపెట్టె. ఆ సంగతి ఆవిడకు తెలుసు, లోలోపల కాస్త గర్వం కూడాను. ఏటా బడి తెరిచిన మొదటి వారంలో పిల్లల్ని ఒక్కొక్కరినే కీబోర్డు దగ్గరికి పిలుస్తుంది. సరిగ్గా మధ్యలో ఉన్న ఒక మీట నొక్కి, "ఊ అను" అంటుంది. ఆ స్వరం పట్టుకున్న పిల్ల సున్నా, పట్టుకోలేని పిల్ల ఇంటూ. మనిషికి ఒక్క నిమిషం. కాగితం మీద పేరు పక్కన "చెవి లేదు" అని రాసేస్తుంది. అలాగని రాకాసి కాదు. ఇంటూ పిల్లల చెంప నిమిరి మరీ, "నువ్వు పెదవులు కదుపు తల్లీ, చాలు" అంటుంది. తిట్టి ఉంటే పిల్లలు ఇంటికెళ్ళి ఏడ్చి చెప్పేవాళ్ళేమో. ఇంత ప్రేమగా నోరు నొక్కితే ఎవరితో చెప్పుకుంటారు?

ఆ ఏడు ట్రైనింగు కాలేజీ నుంచి ఒక అమ్మాయిని ఆరు వారాలకు పంపించారు. ఆ అమ్మాయి తండ్రి దర్జీ. ఆ ఇంట్లో టీచరు కాబోతున్న మొదటి మనిషి తనే. బృందాన్ని నడిపించడం ఆ అమ్మాయి నేర్చుకోవాలి, పక్కనుండి పాటల టీచరు నేర్పించాలి, చివర్లో నాలుగు పేజీల రిపోర్టు రాసి సంతకం పెట్టాలి. ఆ రిపోర్టులో "తగదు" అని ఒక్క మాట పడితే ఆ పిల్ల ఏడాది చదువూ నీళ్ళపాలే.

మొదటి రెండు వారాలు ట్రైనింగు టీచరు కుదురుగా కూర్చుని, చిన్న పుస్తకంలో ఏవేవో రాసుకుంది. పాటల టీచరుకు ముచ్చటేసింది. మూడో సోమవారం పాట నడుస్తుండగా ఆ అమ్మాయి లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, వరసల మధ్యలో చప్పుడు చెయ్యకుండా నడవడం మొదలుపెట్టింది. ఒక్కో పిల్ల దగ్గర తల వంచి వింటోంది. చివరి వరసలో ఒకచోట ఆగిపోయింది. పక్క పిల్ల దగ్గరా ఆగింది. పాట అయిపోయే దాకా అక్కడే నిలబడింది.

పిల్లలు వెళ్ళిపోయాక ఆ అమ్మాయి కీబోర్డు దగ్గరికి వచ్చింది.

"మేడం, చివరి వరసలో పిల్లలు పాడటం లేదు."

"తెలుసు" అంది పాటల టీచరు, కీబోర్డు మీద గుడ్డ కప్పుతూ.

"పెదవులు మాత్రం కదుపుతున్నారు."

"బాగా కదుపుతున్నారా?"

"ఆ, బాగానే కదుపుతున్నారు."

"అయితే సరే."

ఆ అమ్మాయి కదల్లేదు. "ఎందుకు మేడం అలాగ?"

"చెవి లేదమ్మాయ్. కొందరికి పుట్టుకతోనే ఉండదు. నాలుగేళ్ళు పోతే నీకే తెలుస్తుంది. వాళ్ళని నేను బయటికి గెంటానా? లేదు. అందరిలాగే స్టేజీ ఎక్కుతారు, ఇంట్లోవాళ్ళు ఫోటోలు తీసుకుంటారు. ఇంకేం కావాలి వాళ్ళకి?"

"పాడటం కావాలేమో మేడం."

పాటల టీచరుకు ఒళ్ళు మండింది. "నేను మొదటి కప్పు తెచ్చేనాటికి నువ్వింకా పుట్టలేదు" అంది.

"అవును మేడం. మధ్యాహ్నం భోజనాల గంటలో ఆ పన్నెండు మందినీ నాకు ఇవ్వండి. మీ పీరియడు ముట్టుకోను."

"తీసుకో. నీ ఓపిక ఎన్నాళ్ళుంటుందో నేనూ చూస్తాను."

రెండు రోజుల్లో తల పట్టుకుని వస్తుందని పాటల టీచరు లెక్క. వారమైనా రాలేదు. ఎనిమిదో రోజు టిఫిను డబ్బా కడుక్కుని వస్తూ, ఆవిడ పాటల గది కిటికీ దగ్గర ఆగింది.

లోపల ఎనిమిదో తరగతి పొడుగమ్మాయి ట్రైనింగు టీచరు ఎదురుగా తల దించుకుని నిలబడి ఉంది. ఈడుకు మించి పొడుగు, మాట్లాడితే గొంతు కాస్త బొంగురు. అందుకే ఎక్కువ మాట్లాడదు. మిగతా పిల్లలతో కలిసి "ఊ" అనడానికి కూడా ఏడు రోజులు ఎగ్గొట్టి, ఆ రోజే మొదటిసారి ముందుకు వచ్చింది.

"నేను ఇంటూని టీచర్" అంటోంది ఆ పిల్ల. "నేను పాడకూడదు."

వినండి. పదమూడేళ్ళ పిల్ల, నా పేరు ఫలానా అని చెప్పినంత మామూలుగా, నేను ఇంటూని అని చెబుతోంది. ఆ మాట దానికి ఏ పాఠ్యపుస్తకం నేర్పలేదు, మన బడే నేర్పింది.

"ఇక్కడ సుద్దముక్క లేదుగా" అంది ట్రైనింగు టీచరు. "నీకు ఎక్కడ సులువుగా ఉంటే అక్కడ ఊ అను."

పొడుగమ్మాయి కిటికీ వైపూ గోడ వైపూ చూసి, చివరికి అంది. చాలా కిందిస్థాయిలో, బావిలోంచి వచ్చినట్టు. ట్రైనింగు టీచరు అప్పుడు కీబోర్డు మీద వేలు పెట్టి, ఎడమ వైపుకు వెతుక్కుంటూ పోయి, సరిగ్గా ఆ స్వరం దగ్గర ఆగి నొక్కింది.

"చూశావా, నువ్వు తీసిందీ ఇదీ ఒకటే. ఇప్పుడు దీన్ని వదలకుండా నాతో ఒక్క మెట్టు పైకి రా."

పిల్ల వచ్చింది. ఇంకో మెట్టు ఎక్కింది. మూడో మెట్టు దగ్గర జారి, మళ్ళీ కిందినుంచి మొదలుపెట్టి, ఈసారి అందుకుంది.

కిటికీ బయట పాటల టీచరు అంతా చూసింది. తాను ఇరవై రెండేళ్ళుగా నొక్కుతున్న మీట ఆ పిల్ల గొంతుకు ఎంత ఎత్తులో ఉందో ఆవిడకు అర్థం కాకపోలేదు. అర్థమైంది కనకే అక్కడ నిలబడలేకపోయింది. "మూడు మెట్లు ఎక్కినంత మాత్రాన పాటగత్తె అయిపోతుందా" అని తనకు తానే సర్దిచెప్పుకుని, డబ్బా పట్టుకుని స్టాఫ్ రూముకు వెళ్ళిపోయింది. చూసి కూడా చూడనట్టు పోవడంలో మన పెద్దవాళ్ళని మించినవాళ్ళు లేరు.

పోటీలు ఆరో వారంలో, ఆ బడి హాల్లోనే. ఆరు బళ్ళ బృందాలు వస్తున్నాయి. ఈ బడి బృందాన్ని నడిపించేది ట్రైనింగు టీచరే, ఆ అమ్మాయికి అదే ఆఖరి పరీక్ష. ముందు రోజు సాయంత్రం ఆ అమ్మాయి పాటల టీచరు దగ్గరికి వచ్చింది.

"మేడం, ఎనిమిది మందికి పాట మొత్తం వచ్చింది. మిగతా నలుగురు కింది స్వరం ఒక్కటే పట్టుకుని పాటకు ఆధారంగా నిలబడతారు. రేపు అందరినీ పాడనిద్దాం."

"నీ ప్రయోగాలు మీ కాలేజీలో చేసుకో. రేపు స్టేజీ మీద ఇంటూలు ఇంటూలే. రిపోర్టు నా చేతిలో ఉందని మరిచిపోకు."

"మరిచిపోలేదు మేడం" అని ఆ అమ్మాయి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఎనిమిది గంటలకే పాటల టీచరు తానే స్టేజీ ఎక్కి, మోకాళ్ళ నొప్పులతో వంగి, ఇరవై ఎనిమిది సున్నాలూ పన్నెండు ఇంటూలూ గీసింది. పదిన్నరకు తమ బృందం వంతు వచ్చింది. ఆవిడ తెర పక్కన నిలబడి చూసింది. స్టేజీ తడితడిగా మెరుస్తోంది. ఒక్క గుర్తు లేదు. మూలన బకెట్టు, తడిగుడ్డ. ట్రైనింగు టీచరు బట్టలు మోకాళ్ళ దగ్గర తడిసి అంటుకుపోయి ఉన్నాయి.

పిల్లలు స్టేజీ ఎక్కి, అలవాటు కొద్దీ కిందికి చూశారు. గుర్తులు వెతుక్కున్నారు. ఇంటూ పిల్లలే కాదు, సున్నా పిల్లలకూ ఎక్కడ నిలబడాలో తెలియలేదు. ట్రైనింగు టీచరు నవ్వి, "మీ స్నేహితుల పక్కన నిలబడండి" అంది చిన్నగా. నలభై మందీ ఎవరికి నచ్చిన చోట వాళ్ళు సర్దుకున్నారు. పొడుగమ్మాయి నడిమి వరసలో నిలబడింది.

పాట మొదలైంది. మొదటి చరణానికే హాలు నిండిపోయింది. ఆ బడి పాటలో అంత బరువు ఎప్పుడూ లేదు. రెండో చరణంలో, పై స్వరానికి వెళ్ళే చోట, ఒక గొంతు జారింది. దాని వెంట ఇంకో రెండు జారాయి. న్యాయనిర్ణేతలు ముగ్గురూ కాగితాల మీద ఏదో రాసుకున్నారు. ట్రైనింగు టీచరు గుడ్లురమలేదు, అరచెయ్యి మెల్లగా పైకెత్తింది. రెండు పంక్తుల తరవాత ఆ గొంతులు వచ్చి కలిశాయి. పాట ముగిసేదాకా నలభై గొంతులూ వినబడ్డాయి.

వాళ్ళకు మూడో స్థానం వచ్చింది. కప్పు వేరే బడికి పోయింది.

హెడ్మాస్టరు నిప్పులు కక్కాడు. "పన్నెండో కప్పుకి చోటు కూడా పెట్టించాను. విద్యాధికారి ముందు మన పరువు తీసింది ఆ పిల్ల. మీ మాట వినలేదు కదా? అదే రాయండి. అవిధేయత అని ఒక్క మాట రాస్తే సరిపోతుంది. రేపు మధ్యాహ్నానికి రిపోర్టు నా బల్ల మీద ఉండాలి."

"రాస్తాను సార్" అంది పాటల టీచరు. మనస్ఫూర్తిగానే అంది. ఆవిడకు తల కొట్టేసినట్టుగా ఉంది.

మర్నాడు భోజనాల వేళ పాటల గదిలో ఒక్కతే కూర్చుని రిపోర్టు తెరిచింది. మూడో పేజీలో "శిక్షణలో గమనించిన లోపాలు" అని ఒక పెద్ద గడి. "పెద్దల మాట లక్ష్యపెట్టదు. బృందాన్ని నడిపించే యోగ్యత" అని రాసి, ఆ తరవాతి మాట రాయబోతుండగా తలుపు దగ్గర అలికిడైంది.

నర్సు దుస్తుల్లో ఒక ఆవిడ. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, ఛాతీ మీద గడియారం వేలాడుతోంది. "ఎనిమిదో తరగతి అమ్మాయి, కాస్త పొడుగ్గా ఉంటుంది. వాళ్ళ అమ్మనండి" అంది.

ఫిర్యాదు తెచ్చిందనుకుంది పాటల టీచరు. మంచిదే, రిపోర్టుకు పనికొస్తుంది. "నిన్న మీ అమ్మాయిని నలుగురిలో నవ్వులపాలు చేసినందుకు నాకూ బాధగానే ఉందమ్మా. అది నా నిర్ణయం కాదు" అంది.

"దానికి రాలేదండి."

నర్సు చెక్క మెట్ల దగ్గరికి నడిచింది. చివరి మెట్టు మీద ఎడమ నుంచి మూడో చోట వంగి, వేలితో తడిమింది. "ఈ మేకు తల ఇంకా ఇలాగే ఉంది. బూటు తగిలేది."

పాటల టీచరు కుర్చీలోంచి తల సాచి ఆ మెట్టు వైపు చూసింది.

"మీ మొదటి కప్పు ఏడాది నేనిక్కడే నిలబడ్డానండి. ఈ మేకు పక్కన నా ఇంటూ ఉండేది. పెదవులు చాలా బాగా కదిపేదాన్ని. మీరు మెచ్చుకున్నారు కూడా."

"నాకు... గుర్తు లేదమ్మా."

"ఉండదులెండి. ఏడాదికి పన్నెండు మందిమి." నర్సు మెట్టు మీదే కూర్చుంది. "నేను చేసేది పిల్లల వార్డులో. సూది వెయ్యబోతే ఏడుస్తారు కదా, మిగతా నర్సులు ఏదో ఒక పాట ఎత్తుకుంటారు. నేను ఎత్తుకోను. నాకు రాదని చెబుతాను. నా కూతుర్ని నిద్రపుచ్చేటప్పుడు కూడా వీపు తట్టేదాన్ని గాని నోరు తెరిచేదాన్ని కాదు. పోయిన నెల అది గిన్నెలు కడుగుతూ ఏదో పాడుతోంది. నోరు మూసుకో, నీకు రాదు, మన ఇంట్లో ఎవరికీ రాదు అన్నాను. దాని మొహం చూశాక నా మీద నాకే అసహ్యమేసింది. అది నా మాట కాదండి. ఈ గదిలోంచి నేను ఇంటికి తీసుకెళ్ళిన మాట."

పాటల టీచరు రిపోర్టు మీంచి కలం తీసి పక్కన పెట్టింది.

"నిన్న సెలవు పెట్టి వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నాను. రెండో చరణంలో తప్పింది నా కూతురే. దాని గొంతు నేను గుర్తుపట్టనా? తప్పింది, మళ్ళీ వచ్చి అందరిలో కలిసింది. నాకు తప్పే అవకాశం కూడా మీరు ఇవ్వలేదు." నర్సు గొంతు కోపంతో హెచ్చింది. "మీతో పోట్లాడదామని దారంతా మాటలు కూర్చుకున్నాను. ఇప్పుడు ఒక్కటే అడగాలనిపిస్తోంది. ఆ మొదటి రోజు నాకు పాట రాదని తేల్చడానికి ఎంతసేపు తీసుకున్నారో తెలుసా మీకు?"

"ఒక్క నిమిషం" అంది పాటల టీచరు తల దించుకుని.

"అంత కూడా కాదండి. ఒక్క ఊ."

నర్సు వెళ్ళిపోయింది. పాటల టీచరు మనసులో లెక్క వేసుకుంది. ఏడాదికి పన్నెండు మంది, ఇరవై రెండేళ్ళు. రెండు వందల అరవై నాలుగు మంది. అందులో ఎందరు తమ పిల్లల నోళ్ళు మూయించారో. తనకు అప్పగించిన పని పిల్లలకు పాట నేర్పడం. తాను చేసిందల్లా వచ్చినవాళ్ళని ముందు పెట్టుకుని, రానివాళ్ళ నోరు నొక్కి, బీరువా నింపుకోవడం. ఆవిడకు పట్టరాని కోపం వచ్చింది. ఈసారి ఆ కోపం ట్రైనింగు పిల్ల మీద కాదు.

గంట మోగాక హెడ్మాస్టరు వచ్చాడు. వెనకే ట్రైనింగు టీచరు, భుజాన సంచీతో, వెళ్ళొస్తానని చెప్పడానికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. 

"రాశారా?" అన్నాడు హెడ్మాస్టరు.

"రాస్తున్నాను సార్, కూర్చోండి. అమ్మాయ్, నువ్వూ లోపలికి రా. నిన్న నాతో చెప్పకుండా స్టేజీ ఎందుకు తుడిచావు?"

"చెప్పాల్సింది మేడం, నాదే తప్పు. చెబితే ఒప్పుకోరని భయపడ్డాను."

"ఒప్పుకునేదాన్ని కాదు. తుడవడమే మంచిదైంది."

హెడ్మాస్టరు మొహం మాడ్చుకున్నాడు. "ఇదేం మాటండీ. కప్పు పోయింది మనకి."

పాటల టీచరు లేచి నిలబడింది. "నిన్న ఒక్క కప్పు పోయిందని మనిద్దరికీ రాత్రి అన్నం సయించలేదు సార్. ఇరవై రెండేళ్ళుగా ఏడాదికి పన్నెండు గొంతులు పోతున్నాయి. మనం ఏనాడైనా ఒక్క ముద్ద తగ్గించి తిన్నామా? ఆసుపత్రిలో డాక్టరు ఒక్కసారి నాడి చూసి, ఈ పిల్ల బతకదని మంచం మీద గుర్తు పెట్టి, మందివ్వకుండా వెళ్ళిపోతే మనం ఊరుకుంటామా? వీధికెక్కుతాం. బళ్ళో అదే పని చేస్తే చప్పట్లు కొట్టాం, కప్పులిచ్చాం. వచ్చిన పిల్లలకి మనం నేర్పేదేముంది? వాళ్ళు ఎలాగూ పాడతారు. రాని పిల్లల కోసమే కదా మనకి జీతాలిస్తున్నది. ఆ పని నాకు చేతకాలేదు. చేతకాదని ఒప్పుకోవడానికి సిగ్గుపడి, తప్పు వాళ్ళ చెవి మీదికి నెట్టాను. ఇరవై ఏళ్ళు దాటని ఈ పిల్ల, తన సర్టిఫికెట్టు పోతుందని తెలిసి కూడా, మోకాళ్ళ మీద కూర్చుని నేను గీసిన గీతలు తుడిచింది. దీన్ని ఫెయిలు చేస్తే టీచరునని చెప్పుకోవడానికి నాకు మొహం ఉండదు."

"అవిధేయత సంగతో?" అన్నాడు హెడ్మాస్టరు. గొంతు మాత్రం తగ్గింది.

"చేసింది సార్. నేను చెప్పిన తప్పుడు పని చెయ్యనంది. అదీ రాస్తాను."

హెడ్మాస్టరు బీరువా వైపు, పై అరలో ఖాళీ చోటు వైపు చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

పాటల టీచరు కుర్చీలో కూర్చుని, మూడో పేజీలో అంతకుముందు రాసిన మాటల మీద అడ్డంగా, నిలువుగా కలం గీసింది. ఆవిడ పెట్టిన ఆఖరి ఇంటూ అదే. తరవాత ట్రైనింగు టీచరు కేసి చూసి, "వచ్చే సోమవారం నాకు రెండో పీరియడు ఉంది. ఆ పొడుగమ్మాయి స్వరం కీబోర్డు మీద ఎక్కడుందో వెళ్ళేముందు నాకొకసారి చూపించి పో" అంది. ఆ అమ్మాయి సంచీ కింద పెట్టి, ఎడమ వైపున ఒక మీట నొక్కి చూపించింది. పాటల టీచరు దాన్ని తానూ ఒకసారి నొక్కి చూసుకుంది.

ఆ తరవాత "గమనించిన లోపాలు" అన్న గడిలో, హెడ్మాస్టరు చూస్తుండగానే, గుండ్రటి అక్షరాలతో ఇలా రాసి సంతకం పెట్టింది: "ఈ అమ్మాయిలో లోపం కనబడలేదు. లోపం నాది. పిల్లకు నేర్పడం మనకు చేతకానప్పుడు ఆ మాట ఒప్పుకోవాలి గాని, పిల్లకే రాదని ముద్ర వేసి నోరు మూయించే హక్కు ఏ టీచరుకూ లేదు."